తెర ఆరి వెలిగే లోపు

మందుల గోడౌను ఆఫీసు గదిలో అడుగుపెట్టగానే అతను చేసిన మొదటి తప్పు జోకు వెయ్యటం.

గదికి కిటికీ ఒక్కటే, అదీ పక్క గోడ వైపుకి. ట్యూబులైట్లలో సగం వెలగవు. అలాంటి గదిలో ఆమె నల్లద్దాలు పెట్టుకుని కంప్యూటరు ముందు కూర్చుని ఉంది. పొద్దున్నే లేచి, బస్సులు మారి, ఒళ్ళో బ్యాగు పెట్టుకుని కునికిపాట్లు పడుతూ వచ్చిన మనిషి నోరు మూసుకుని ఉండవచ్చు. ఉండలేదు.

"లోపల ఎండ బాగా కాస్తున్నట్టుందండీ," అన్నాడు.

ఆమె తల తిప్పలేదు. ఫోను చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని, అవతల మందుల షాపువాడు చెబుతున్న పేర్లు టకటకా కొట్టుకుంటూ పోయింది. ఫోను పెట్టేశాక అద్దాలు తీసి అతన్ని చూసింది. ఉల్లిపాయలు తరిగిన దానిలా కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"ప్రోగ్రాం కంపెనీ నుంచి వస్తారన్నది మీరేనా?"

"నేనే."

"అయితే ఈ ఎండ మీ కంపెనీదే. కూర్చుని కాచుకోండి," అని కుర్చీ ఖాళీ చేసింది.

అతను కూర్చున్నాడు. తెర అంటే బొమ్మలూ రంగులూ ఉండే తెర కాదు. నల్లటి చట్రంలో తెల్లటి అక్షరాలు, అంతే. ఫోనులో పేర్లు వింటూ కొట్టుకుపోవాలి కాబట్టి చెయ్యి కీబోర్డు వదలకూడదని ఎప్పుడో అలా రాయించుకున్నారు. రాసినవాడు కంపెనీ మానేసి చాలా కాలమైంది. పోయేవాడు పుణ్యం మూటకట్టుకుని, పాపాలు ఉన్నవాడి నెత్తిన పెట్టి పోతాడు. ఇక్కడ ఉన్నవాడు ఇతను. ముప్పై దాటింది, పెళ్ళి కాలేదు, ఎవరో రాసి పారేసిన ప్రోగ్రాములకు మాట్లు వేసుకుంటూ తిరగటమే బతుకైంది.

నాలుగు మందుల పేర్లు కొట్టి చూశాడు. శుభ్రంగా పనిచేసింది. బాగానే ఉందనీ, తమ ఆఫీసులోనూ ఇలాగే బాగుందనీ అన్నాడు.

"డాక్టరు గదిలోకి వెళ్ళగానే నొప్పి పోయినట్టు, మీరు కూర్చుంటే బాగానే ఉంటుంది," అన్నదామె. "నాలుగు మందులతో ఆర్డరు ఎవడిస్తాడండీ? తెర నిండా కొట్టి చూడండి."

తెర నిండా కొట్టాడు. సగానికి వచ్చేసరికి తెలిసొచ్చింది. ఒక్క అక్షరం నొక్కితే చాలు, తెర మొత్తం చప్పున ఆరిపోయి, పైనుంచి ఒక్కో వరుసే మళ్ళీ రాసుకుంటూ నింపాదిగా కిందికి దిగుతోంది. అది కిందికి చేరేలోపు ఇంకో అక్షరం నొక్కితే మళ్ళీ ఆరటం, మళ్ళీ మొదటికి రావటం. గాలికి కొట్టుకుంటున్న దీపం ముందు కూర్చుని చదువుకున్నట్టుంది. కాసేపటికే అతనికి మెడ వెనక నరాలు పీకటం మొదలైంది.

రోజూ ఎంతసేపు కూర్చుంటారని అడిగాడు. పొద్దున కూర్చుంటే సాయంత్రం గోడౌను మూసేదాకా అని చెప్పి, ఇంటికి వెళ్ళి కళ్ళు మూసుకున్నా లోపల ఆరుతూ వెలుగుతూనే ఉంటుందని కూడా చెప్పింది. ఫిర్యాదు చేసినట్టు కాదు, వాన పడుతోందని చెప్పినట్టు చెప్పింది.

వచ్చీ రాగానే వేసిన జోకు అతనికిప్పుడు గుచ్చుకుంది. ఏదో ఒకటి చెప్పాలి కాబట్టి జబ్బేమిటో చెప్పాడు.

"బడిలో పలక మీద ఒక్క అక్షరం తప్పు పోతే ఆ ఒక్కటీ తుడిచి రాస్తాం కదా. ఈ ప్రోగ్రాం పలకంతా తుడిచేసి, పాఠమంతా మొదటినుంచి రాస్తుంది. ప్రతి అక్షరానికీ అంతే."

"అలాంటి పిల్లాడు మా బళ్ళో ఒకడుండేవాడు," అని గుమ్మంలోంచి ఒక గొంతు వినిపించింది. "వాడి పాఠం పూర్తవగా నేనెప్పుడూ చూడలేదు."

ఆ గొంతు ప్యాకింగు హాలు చూసుకునే మనిషిది. కంప్యూటరు ముందున్న ఆమెకు సొంత వదిన, అన్నగారి భార్య. మనిషి కనపడేలోపే మాట వినపడే రకం. సాయంత్రానికల్లా గోడౌను మొత్తానికీ అతను పలకబాబు అయిపోయాడు. ఆమె అంతకు ముందే నల్లద్దాలు.

రోగం చెప్పటం తేలిక, మందు వెయ్యటం కష్టం. ఆ పాత ప్రోగ్రాములో ఎక్కడ పట్టుకున్నా ఇంకెక్కడో ఊడుతోంది. అతను రోజూ వచ్చి ఆమె పక్కన స్టూలు వేసుకుని కూర్చునేవాడు. ఆమె ఫోన్లు తీసుకునేది, అతను తన ల్యాప్‌టాపులో రాసుకునేవాడు. మధ్యలో ఆమె మిషను మీద కాసేపు పెట్టి చూడటం, పాడవటం, తీసెయ్యటం.

పెద్దగా మాట్లాడుకున్నదీ లేదు. అతను ఎక్కడ బస్సు ఎక్కుతాడో ఆమెకు తెలిసింది. ఆమెకు ఏ వేళ తలనొప్పి మొదలవుతుందో అతనికి తెలిసింది. భోజనం వేళ ఇద్దరూ నమలటానికి కూడా ఓపిక లేనట్టు కూర్చునేవాళ్ళు. ఒకసారి అతను కూర్చునే నిద్రపోతే ఆమె లేపలేదు. ఇంకోసారి ఆమె కళ్ళు మూసుకుని గోడకు ఆనుకుంటే మోగుతున్న ఫోను అతనే తీసి, మందుల పేర్లన్నీ తప్పుగా రాసుకుని తిట్లు తిన్నాడు. తిట్లు తిన్నందుకు ఆమె ఏమీ అనలేదు. మర్నాడు స్టూలు మీద ఒక పాత దిండు మాత్రం కనపడింది.

సినిమాల్లో వాళ్ళకు పూలు దొరుకుతాయి. పని చేసుకునేవాళ్ళకు దిండు దొరికితే అదే గొప్ప.

ఆమెకు ఆ కుర్చీ అంటే ఎందుకంత పట్టుదలో వదిన చెప్పింది. ఆమె కూడా మొదట ప్యాకింగులోనే చేరిందట. ఏళ్ళ తరబడి నిలబడి డబ్బాలు కట్టి, భోజనం మానుకుని కీబోర్డు నేర్చుకుని, కాళ్ళు వాచిపోయాక ఆ కుర్చీ ఎక్కిందట. ఇప్పుడు కళ్ళ డాక్టరు తెర ముందు కూర్చోవద్దంటున్నాడు. కళ్ళకు పడకపోతే మళ్ళీ ప్యాకింగులోకి పో అమ్మా అని మేనేజరు అంటున్నాడు. మేనేజరు మంచివాడే. చిక్కంతా మంచివాళ్ళతోనే. చెడ్డవాడైతే తిట్టుకుని ఊరుకోవచ్చు.

"దానికి ఆ కుర్చీ పోతే మళ్ళీ ఎక్కే ఓపిక లేదు బాబూ," అన్నది వదిన. "నిలబడ్డ కాళ్ళు నాకు తెలుసుగా."

మంగళవారం నాడు కొత్త ప్రోగ్రాం సిద్ధమైంది. అందరికీ ఒకేసారి పెట్టి నవ్వులపాలు కావటం ఎందుకని ముందు ఆమె ఒక్కదాని మిషను మీదే పెట్టాడు. తెర మీద ఏముందో ఇప్పుడది గుర్తుపెట్టుకుంటుంది. మారిన అక్షరమేదో చూసుకుని అదొక్కటే మారుస్తుంది. తుడవటం లేదు, మళ్ళీ రాయటం లేదు.

ఆమె కొట్టటం మొదలుపెట్టింది. తెర నిండింది. ఎక్కడా ఆరలేదు, వణకలేదు. ఆమె చేతులు ఆపి తెర వైపే చూస్తూ ఉండిపోయింది.

"ఏమైంది?" అన్నాడు.

"ఆగిపోయిందేమో అనుకున్నా," అని అద్దాలు తీసి సొరుగులో పడేసి నవ్వింది.

ఆ నవ్వు తలుచుకుంటూ సాయంత్రం బస్సులో కూర్చుని దిగవలసిన చోట దిగకుండా చివరిదాకా పోయాడు. చివరన చినుకులు పడుతున్నాయి, గొడుగు లేదు. తడుస్తూ వెనక్కి నడిచాడు. ఆ వయసులో జలుబు తప్ప ఇంకేమీ రాదని తెలిసినా నడిచాడు.

ఆ వారమే మొదలైంది గోల.

ఎవరో షాపువాడు ఫోను చేసి, తను చెప్పిన మందులు రెండింతలు వచ్చాయన్నాడు. ఇంకొకడు పెట్టెలు తిప్పి పంపాడు. చూస్తే ఒకే ఆర్డరు రెండుసార్లు ఎక్కింది, రెండుసార్లూ ప్యాకయింది, రెండుసార్లూ బండెక్కింది. ఎన్ని చూసినా అన్నీ ఆమె చేతి మీదుగా వెళ్ళినవే. పక్క సీటులో ఉండే పెద్దాయన, రిటైర్మెంటు దగ్గరపడిన ఆపరేటరు, ఆయనవి ఒక్కటీ రెండు కాలేదు.

ప్యాకింగు హాలులో వదిన తిరిగొచ్చిన పెట్టెలు విప్పుతూ ఊరికే ఒక మాటన్నది. పలకబాబు వచ్చినప్పటి నుంచి మనసు చోటున లేని మనిషికి చెయ్యి చోటున ఉంటుందా అని. నవ్వుకోవటానికే అన్నది. హాలులో మాట హాలులో ఉంటే అది హాలెందుకవుతుంది? భోజనం వేళకు స్టోరు దాటింది. టీ వేళకు డ్రైవర్ల దాకా వెళ్ళింది. సాయంత్రానికి మేనేజరు చెవిన పడింది. కళ్ళు బాగా లేకపోవటం సరే, మనసు కూడా ఇక్కడ లేకపోతే ఎలా అమ్మా అని ఆయన అడిగాడట. సోమవారం నుంచి ప్యాకింగులోకి రమ్మన్నాడట.

అతనికి ఈ సంగతులు రెండు చోట్ల నుంచి అందాయి. ఒకటి వదిన ఫోను. నోరు జారానని ఆవిడ గొంతు తగ్గించి చెప్పింది. రెండోది అతని ఓనరు ఫోను. ప్రోగ్రాములో తప్పుందని పొరపాటున కూడా అనకు, ఆపరేటరుకు ట్రైనింగు చాలలేదని చెప్పిరా అన్నాడు.

బస్సులో కూర్చుని ఆలోచిస్తే అతనికి బాధ కలగవలసిన చోట ఇంకేదో కలిగింది. తన మూలంగా ఒక మనిషికి చెయ్యి తడబడుతోందన్న మాట. ఇంతవరకూ ఎవరికీ ఏదీ తడబడలేదు. సిగ్గులేని మనసు, వద్దన్నా ఆ మాటనే మళ్ళీ మళ్ళీ చప్పరించింది.

గదిలోకి వెళ్ళేసరికి ఆమె పలకరించలేదు. స్టూలు మీద దిండు లేదు.

"నా గురించి అందరూ ఏమనుకుంటున్నారో విన్నారా?" అన్నది తెర వైపే చూస్తూ.

"విన్నాను."

"వినే ఉంటారు. మొహంలో తెలుస్తోంది."

అతను మొహం దాచుకోవటానికన్నట్టు పెద్దాయన వైపు తిరిగాడు. పెద్దాయన మిషను మీద ఇంకా పాత ప్రోగ్రామే. ఆయన తెర చూడటమే లేదు. తల వంచుకుని, ఫోను చెవికి ఆనించుకుని, చీటీ మీద తర్వాతి షాపు పేరు వెతుక్కుంటున్నాడు. అలా తల వంచుకునే ఆర్డరు సేవ్ చేసే కీ నొక్కాడు. తెర రెండుసార్లు ఆరి వెలిగింది. ఆ వెలుగు ఆయన తెల్లచొక్కా మీద కూడా రెండుసార్లు ఆరి వెలిగింది. ఆయన తల ఎత్తకుండానే, చేరిందండీ ఉంటాను అని ఫోను పెట్టేశాడు.

చేరిందని ఎలా తెలిసిందని అతను అడిగాడు. పెద్దాయన ఆలోచించాడు. ఎలాగో ఆయనకూ తెలియదు. తెలుస్తుంది బాబూ, తెలియకేం అన్నాడు.

అతను ఆమె వైపు తిరిగాడు. ఆమె కూడా తల వంచుకునే ఉంది, ఫోను చెవిదగ్గరే ఉంది. కీ నొక్కింది. తెర కదల్లేదు. ఆమె మొహం మీద వెలుగు కదల్లేదు. పైన మూలన చీమంత ఆర్డరు నంబరు ఒకటి పెరిగిందంతే. షాపువాడితో మాట్లాడుతూనే ఆమె చెయ్యి మళ్ళీ కీ మీదికి వెళ్ళి, మళ్ళీ నొక్కింది.

అప్పుడర్థమైంది అతనికి. ఆ ఆరటం వెలగటం జబ్బని అందరూ అన్నారు. జబ్బే. కానీ ఇన్నేళ్ళుగా పని అయిందన్న కబురు మోసుకొస్తున్నదీ ఆ జబ్బే. వాళ్ళ చేతులకు తెలుసు, వాళ్ళకు తెలియదు. తను జబ్బుతో పాటు కబురును కూడా తీసేశాడు.

అంటే చెయ్యి తడబడింది తన మూలంగానే. అతను అనుకున్న మూలంగా మాత్రం కాదు.

ఓనరు మాట చెవిలోనే ఉంది. ట్రైనింగు చాలలేదంటే చాలు, అందరూ నమ్ముతారు. నిజం చెబితే ఉద్యోగం సంగతి అటుంచి, ఇంకోటి కూడా వదులుకోవాలి. ఆమె మనసు ఎక్కడికో పోయిందన్న ఆ తియ్యటి పుకారు తన నోటితోనే అబద్ధమని చెప్పాలి. లేచి ప్యాకింగు హాలులోకి నడిచాడు. తిరిగొచ్చిన పెట్టెల మధ్య మేనేజరు నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడి ఉన్నాడు. చుట్టూ అందరూ ఉన్నారు. ఆమె కూడా ఏం చేస్తాడోనని వెనకే వచ్చింది.

"తప్పు నాది సార్," అన్నాడు. "ఇదివరకు ఆర్డరు చేరగానే తెర రెండుసార్లు ఆరి వెలిగేది. అది చూసే వీళ్ళు వదిలేసేవాళ్ళు. నేను అది తీసేశాను, బదులు ఇంకేమీ పెట్టలేదు. చేరలేదేమోనని మళ్ళీ నొక్కుతున్నారు. పెద్దాయన మిషనుకు ఈ ప్రోగ్రాం పెట్టినా ఇంతే అవుతుంది, కావాలంటే పెట్టి చూపిస్తాను. ఆవిడ కళ్ళకేం కాలేదు. మనసుకూ ఏం కాలేదు. ఎక్కడికీ పోలేదు. అక్కడే ఉంది."

హాలులో టేపు చింపే చప్పుడు కూడా ఆగిపోయింది.

"అంతేనా?" అన్నది వదిన, సీరియలు మధ్యలో కరెంటు పోయిన మనిషిలా.

"అంతే," అన్నాడు.

మేనేజరు పెద్దాయన మిషను మీద పెట్టి చూపించమన్నాడు. పెద్దాయన ముచ్చటగా మొదటి ఆర్డరే రెండుసార్లు కొట్టాడు. మేనేజరు ఆమె వైపు తిరిగాడు. మంచివాళ్ళు క్షమాపణలు చెప్పరు, వేరే సంగతి మాట్లాడతారు. సోమవారం పొద్దున కొత్త షాపువాళ్ళ ఫోన్లు కూడా నువ్వే తీసుకోమ్మా అన్నాడు. కుర్చీ నిలిచింది.

మధ్యాహ్నమంతా అతను కూర్చుని తెర అడుగున ఒక పట్టీ పెట్టాడు. ఆర్డరు చేరగానే వెలిగి, చేరిందని రాసి, తర్వాతి ఆర్డరు మొదలయ్యేదాకా అలాగే ఉంటుంది. తల వంచుకున్నా తెలిసేంత వెడల్పుగా పెట్టాడు. ఒకసారి చేరింది మళ్ళీ నొక్కితే, ఇంకోటి కావాలా అని అడుగుతుంది కూడా. ఈలోగా ఓనరు ఫోను చేశాడు. అప్పటికే సంగతి ఆయనకు చేరింది. ఆ గోడౌను వైపు ఇక తొంగి చూడవద్దనీ, అక్కడికి ఇంకొకణ్ణి పంపుకుంటాననీ, మిగతా సంగతి ఆఫీసులో తేల్చుకుందామనీ అన్నాడు. అతను సరేనన్నాడు. వాదించే ఓపిక లేదు.

సాయంత్రం బ్యాగు సర్దుకుని లోడింగు షెడ్డులోకి వచ్చేసరికి వాన దబదబా మొదలైంది. రేకుల మీద ఎవరో కంకర గుమ్మరిస్తున్నట్టుంది. షెడ్డు అంచున నిలబడ్డాడు. కాసేపటికి పక్కన ఆమె వచ్చి నిలబడింది.

"కుర్చీ దక్కింది," అన్నది. "అందుకు థాంక్స్."

"నేను పోగొట్టిందే కదా. తిరిగి ఇచ్చానంతే."

"మిగతాదంతా చెప్పమని మిమ్మల్నెవరడిగారు?"

"ఏ మిగతాది?"

"నా మనసు అక్కడే ఉందని. ఎక్కడికీ పోలేదని. మీరు చూశారా?"

ఆమె పేరు పాడుకాకూడదని చెప్పానన్నాడు. ఆమె వాన వైపు చూస్తూ ఉంది. చాలా అలిసిన మనిషి, తప్పక ఇంకొక్క బరువు ఎత్తబోయేముందు తీసుకునే ఊపిరి లాంటిది తీసుకుంది.

"మీరు కొత్త ప్రోగ్రాం పెట్టింది మంగళవారం. మొట్టమొదట రెండుసార్లు ఎక్కిన ఆర్డరు దానికి ముందు రోజుది, సోమవారానిది."

"సోమవారం పాతదే కదా ఉంది."

"పాతదే. తెర ఆరింది, వెలిగింది. మళ్ళీ ఆరింది, వెలిగింది. శుభ్రంగా చూశాను. చూసి మళ్ళీ నొక్కాను."

"ఎందుకు?"

"అప్పుడే మీరు పెద్దాయనతో చెబుతున్నారు. రేపటితో అయిపోతుంది, ఇక ఇటు రావలసిన పనుండదు, హాయి అని." ఆ హాయి అన్న మాట దగ్గర గొంతు కాస్త పదునెక్కింది. "వదిన ఆ పెట్టె పంపకుండా పక్కన పెట్టేసింది. నన్నేమీ అడగలేదు. తర్వాత వచ్చినవన్నీ మీ తప్పు. ఆ ఒక్కటీ నాది. నాది కూడా మీ ఖాతాలో వేసుకుని పోతుంటే ఊరుకోలేకపోయాను."

వాన చప్పుడులో సరిగా విన్నాడో లేదోనని అతనికి అనుమానం వచ్చింది. మళ్ళీ చెప్పమని అడిగే ధైర్యం లేదు.

"హాయి అన్నది బస్సుల గురించి," అన్నాడు చివరికి. "పొద్దున్నే లేవటం గురించి."

"సరేలెండి."

"ఓనరు ఇటు రావద్దన్నాడు. రేపటి నుంచి నాకిక్కడ పని లేదు."

"విన్నాను."

"అయినా వస్తాను."

"పని లేకుండా వచ్చి ఏం చేస్తారు?"

"ఏమో. పని లేకుండా ఎక్కడికైనా వెళ్ళి చాలా ఏళ్ళయింది. సాయంత్రమయ్యేసరికి నాకు మాట్లాడే ఓపిక కూడా ఉండదు."

"నాకూ ఉండదు."

"మాట్లాడకుండానే కూర్చుందాం."

"ఎన్నాళ్ళు?"

"ఓపిక వచ్చేదాకా."

"వస్తుందంటారా, ఈ ఉద్యోగాల్లో?"

"రాకపోతే అలాగే కూర్చుందాం," అన్నాడు.

ఆమె అతని చేతిలోంచి బ్యాగు తీసుకుని, తడి లేని చోటు చూసి కింద పెట్టింది. వెళ్ళేవాడి బ్యాగు ఎవరూ అలా పెట్టరు.

వెనక ఎప్పటి నుంచి నిలబడి ఉందో, వదిన గొంతు సవరించుకుంది.

"మీ అన్నయ్యకు నేను చెబుతాలే. ఆదివారం ఇంట్లోనే ఉంటాడు, పలకబాబును రమ్మను. ముందు ఇద్దరూ ఇటు జరగండి, తడిసి ముద్దవుతున్నారు."

ఎదురుగా గాలి తిరిగి జల్లు షెడ్డులోకి ఎప్పుడు కొట్టటం మొదలుపెట్టిందో ఇద్దరికీ తెలియదు. అప్పుడు చూసుకున్నారు.